నిలకడ తప్పని తల: కల్నల్ సి. కె. నాయుడు

అన్నవరంలో రత్నగిరి పాదాన పంపానది ఉన్నది. కొండమీద సత్యనారాయణస్వామి వ్రతం ముగించుకొని యాత్రికులు మెట్లు దిగి వచ్చే సాయంకాలపు వేళకు, ఊరి పిల్లలు బడి సంచులను ఒక మూల పడవేసి ఖాళీ స్థలంలో క్రికెట్టుకు దిగుతారు. కోనసీమలోనైనా, మెట్టసీమలోనైనా గోదావరి జిల్లాల పిల్లలకు ఈ ఆటకు పెద్ద సరంజామా అక్కరలేదు. మొదలు చెక్కి నునుపు చేసిన కొబ్బరిమట్ట బ్యాటు అవుతుంది. మూడు పుల్లలు నాటితే వికెట్లు సిద్ధం. ఇక ఒక పాతబంతి ఉంటే చాలును.

బంతి వస్తుంది. కుర్రవాడు బలమంతా కూడదీసుకొని మట్ట విసురుతాడు. అయితే మట్టకు బంతి తగలడానికి లిప్తకాలం ముందే అతని తల పైకి లేస్తుంది. తాను కొట్టిన బంతి ఎంత దూరం పోయిందో చూడవలెనన్న ఆరాటం అది. ఎదుట చూస్తే బంతి ఎక్కడా కనబడదు. వెనుదిరిగి చూస్తే పుల్లలు పడి ఉంటాయి. అతని తరువాత వచ్చే కుర్రవాడిది మరొక బాధ. బంతి జోరుగా లేచి వచ్చేసరికి అతని తల భయంతో పక్కకు తప్పుకొంటుంది. తల వెంట భుజము, భుజము వెంట బ్యాటు తప్పుకొంటాయి. అతని పుల్లలకూ అదే గతి పడుతుంది. ఒకడి తలను ఆశ ఎత్తింది. రెండవవాడి తలను భయం తిప్పింది. కర్రతో బంతిని కొట్టే ఆటలన్నింటిలోను ఆటగాణ్ణి చెరిచే శత్రువులు ఈ రెండే.

గోల్ఫు అనే ఆట ఒకటి ఉన్నది. మన పల్లెలలో అది కానరాదు. విశాలమైన పచ్చిక మైదానంలో నేలమీద ఉంచిన చిన్న తెల్లని బంతిని పొడుగాటి కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలోకి ఎన్ని తక్కువ దెబ్బలలో చేర్చగలమన్నదే అందులోని పోటీ. ఆ బంతిని ఎవరూ విసరరు. అది కదలక మెదలక పచ్చికలో పడి ఉంటుంది. ఐనా దానిని ఒకే తీరుగా రెండు మార్లు కొట్టడం మహా కష్టం. ఫ్రాన్సు తీరానికి సమీపంలోని జెర్సీ ద్వీపంలో పుట్టిన హారీ వార్డన్ 1896 నుంచి 1914 వరకు ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచిన మహా క్రీడాకారుడు. అతడు 1905లో వెలువరించిన తన గ్రంథంలో అభ్యాసకులకు తలను నిలకడగా ఉంచుకొనవలెనన్న నియమాన్ని గట్టిగా బోధించాడు.

ఈ నియమంలోని తర్కం రేఖాగణితం నేర్చే విద్యార్థికి సులభంగా బోధపడుతుంది. వృత్తలేఖినితో వృత్తం గీసేటప్పుడు ముల్లు గుచ్చిన చోటు కదిలితే వృత్తం కలియదు. కొట్టేవాని వెన్నెముక ఇరుసు వంటిది. చేతులూ కర్రా ఆ ఇరుసు చుట్టూ తిరుగుతాయి. ఆ ఇరుసుకు పైకొస తల. తల అంగుళం పైకి లేస్తే, కర్ర తిరిగే వలయం కూడ పైకి లేస్తుంది; కర్ర బంతి నడినెత్తిని గీచిపోతుంది. తల పక్కకు ఒరిగితే వలయపు అడుగుభాగం పక్కకు జరుగుతుంది. కర్ర బంతికి ముందో వెనుకనో నేలను తాకుతుంది. పైగా మనిషి తల నాలుగైదు కిలోల బరువు. శరీరపు తూకాన్ని కనిపెట్టి ఉండే అవయవం చెవి లోపల ఉన్నది. దూరాన్ని కొలిచే కన్నులు రెండూ ఆ తలలోనే ఉన్నాయి. తల చలిస్తే త్రాసూ కొలబద్దా రెండూ ఒక్కసారిగా చలిస్తాయి.

నిలకడ అంటే రాతి విగ్రహంవలె బిగుసుకొనిపోవడమని అర్థం కాదు. మెడ బిగిస్తే భుజాలు తిరగవు. బంతికి కర్ర తగిలిన తరువాత తల సహజంగా ఆ దెబ్బ వెంట తిరుగుతుంది, తిరగనీయవలె. క్రికెట్టులోనైతే బంతి వచ్చే దారికి అనుగుణంగా తల ముందుకు సాగుతుంది. కాని బంతి బ్యాటును తాకే ఆ ఒక్క క్షణంలో తల కదలరాదు, చూపు చెదరరాదు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో చెట్టూ కొమ్మా ఆకులూ విడిచి పక్షి శిరస్సునొక్కదానినే చూచిన అర్జునుని కథ మన పిల్లలకు తెలిసినదే. ఆ ఏకాగ్రతనే నేటి క్రీడాశాస్త్రం శరీర నిర్మాణం దృష్ట్యా వివరిస్తున్నది.

చెప్పడానికి ఇది తేలిక. వేలాది జనం చూస్తూండగా, వేగంగా వచ్చే గట్టి బంతి ఎదుట, ఆశకూ భయానికీ లొంగక నలభై ఏండ్లపాటు ఈ నియమాన్ని పాటించడం మాత్రం కొద్దిమందికే సాధ్యమైనది. అటువంటి వారిలో అగ్రగణ్యులు మన తెలుగు కుటుంబంలో పుట్టినవారే. భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించిన కల్నల్ సి. కె. నాయుడు గారు ఆయన.

అన్నవరంలో రైలెక్కి గోదావరి దాటి, బెజవాడ మీదుగా సముద్రతీరానికి పోతే బందరు వస్తుంది. నాయుడుగారి పూర్వులది ఆ మచిలీపట్నపు సీమ. వారి తాత కొఠారి నారాయణస్వామి నాయుడుగారు నాగపురం చేరి అక్కడ న్యాయవాదిగాను, భూస్వామిగాను పేరు గడించారు. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదివి న్యాయశాస్త్రంలో పట్టం పొందారు. అదే కాలంలో అక్కడ రంజిత్‌సింహ్‌జీ చదివి క్రికెట్టులో జగద్విఖ్యాతి పొందడం తండ్రిగారికి తెలిసిన ముచ్చట. 1895వ సంవత్సరం అక్టోబరు 31వ తేదీన నాగపురంలో కనకయ్య నాయుడుగారు జన్మించారు. ఇంటిలో తెలుగు వాతావరణం, వెలుపల మరాఠీ, హిందీ భాషల నడుమ ఆయన పెరిగారు. హిస్లాప్ విద్యాసంస్థలో చదువుకొన్నారు. పాఠశాల మైదానంలోనే ఆయన ఆటకు పునాది పడ్డది. పొడగరి, నిటారుగా నిలిచే శరీరం. ఆ నిలువే తరువాతి కాలంలో లక్షలాది ప్రేక్షకులకు ఆయన గుర్తు అయినది.

ఆ రోజులలో బొంబాయిలో యేటేటా నాలుగు జట్ల పోటీ జరిగేది. యూరోపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా ఆడేవారు. దేశంలో అంతకంటె పెద్ద పోటీ లేదు. 1916లో హిందూ జట్టులో నాయుడుగారికి మొదటిసారి స్థానం దొరికింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై లేక ఇరవైయొకటి. ఎదుట యూరోపియనుల జట్టు. 79 పరుగులకు ఏడుగురు అవుటై జట్టు చిక్కులో పడిన సమయంలో ఆయన బ్యాటు పట్టి లోనికి వచ్చారు. కొత్తవాడు, చివరి వరుసలో వచ్చినవాడు. మొదటి మూడు బంతులనూ ఆయన అణచి ఆపారు. నాలుగవ బంతిని సిక్సరు కొట్టారు. పెద్ద పోటీలలో ఆయన తీసిన తొలి పరుగులు ఆ ఆరు పరుగులే.

ఈ సంఘటనను చెప్పుకొనేవారు చాలామంది నాలుగవ బంతిని మాత్రమే తలచుకొంటారు. విద్యార్థులు గమనించవలసినది మొదటి మూడు బంతులను. మైదానం తీరు ఎట్టిది, బంతి ఎంత ఎత్తు లేస్తున్నది, బౌలరు చేతినుంచి ఏ విధంగా వస్తున్నది అన్నది ఆ మూడు బంతులలో ఆయన చూచారు. చూచిన తరువాతనే కొట్టారు. కొట్టవలెనన్న ఆశ ఆయనకు లేదని కాదు; ఆ ఆశ కన్నును దాటి ముందుకు పోలేదు.

1923లో ఇందూరు పాలకుడు తుకోజీరావు హోల్కారు ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెను పదవి ఇచ్చాడు. అటుపిమ్మట కల్నల్ హోదా లభించింది. జీవితాంతం ఆ మాట ఆయన పేరుకు ముందు నిలిచింది. ఇందూరే ఆయనకు స్థిరనివాసం అయినది. సైనికుని క్రమశిక్షణ ఆయన ఆటలోను, నడతలోను కలిసిపోయింది.

1926వ సంవత్సరపు శీతకాలంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు భారతదేశానికి వచ్చింది. ఇంగ్లండు క్రికెట్టుకు అధిదేవతవంటి సంస్థ అది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో పోటీ. గై ఎర్ల్ అనే ఆంగ్ల ఆటగాడు 130 పరుగులు దంచి ప్రేక్షకులను దిగ్భ్రాంతి పరచాడు. డిసెంబరు 1వ తేదీన నాయుడుగారు బ్యాటుతో దిగారు. 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్క కట్టితే 153లో 118 పరుగులు హద్దు దాటిన దెబ్బలవే. ఈ వార్త నగరంలో పాకి, జనం పనులు మాని మైదానానికి పరుగెత్తారనీ, చుట్టుపక్కల చెట్లూ మేడలూ ప్రేక్షకులతో నిండిపోయాయనీ చెప్పుకొంటారు. ఎం.సి.సి. వారు ఆ ఆటకు మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు.

సిక్సరు కొట్టడానికి భుజబలం చాలునని కుర్రవాళ్లు అనుకొంటారు. ఒక్క సిక్సరుకు చాలవచ్చును, పదకొండింటికి చాలదు. నాయుడుగారి సిక్సర్లలో పేరు పొందినవి బౌలరు తలమీదుగా నేరుగా పోయే దెబ్బలు. బ్యాటు నిలువుగా వచ్చి బంతి మధ్యభాగం కిందుగా తాకితేనే బంతి అలా నేరుగా లేస్తుంది. తల ఎడమకు ఒరిగితే బ్యాటు అడ్డంగా తిరుగుతుంది. తల ముందే లేస్తే బ్యాటు అంచు తగిలి బంతి ఆకాశంలోకి లేచి క్యాచిగా పడుతుంది. ఇదివరకు గోల్ఫు విషయంలో చెప్పిన వృత్తలేఖిని ముల్లు ఇక్కడా వర్తిస్తుంది. ఒకే రోజున, ఒకే ఇన్నింగ్సులో పదకొండుసార్లు ఆ ముల్లు తన చోట నిలిచింది.

ఆనాటి ఆట ఫలితం స్కోరు పుస్తకంతో ఆగలేదు. భారతీయులు అంతర్జాతీయ టెస్టు పోటీలకు తగినవారేనన్న విశ్వాసం గిల్లిగన్‌కు కలిగింది. భారతీయులు తమకొక పాలక సంఘం ఏర్పరచుకొనవలెనని అతడు ప్రోత్సహించాడు. 1928 డిసెంబరులో భారత క్రికెట్టు నియంత్రణ మండలి స్థాపితమైనది. నాలుగేండ్లకు దేశానికి టెస్టు ఆడే అవకాశం వచ్చింది.

1932 వేసవిలో భారత జట్టు ఇంగ్లండుకు వెళ్లింది. ఆ రోజులలో జట్టుకు సంస్థానాధీశుడు నాయకుడుగా ఉండడం రివాజు. పోరుబందరు మహారాజు నాయకుడు. లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. మహారాజు తన ఆటశక్తికి గల పరిమితిని నిజాయితీగా గుర్తించి తప్పుకొన్నాడు. ఉపనాయకుడు గాయపడ్డాడు. జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానంలో ప్రారంభమైన భారతదేశపు మొదటి టెస్టులో నాయకత్వం నాయుడుగారి భుజాలమీద పడ్డది. అప్పటికి ఆయనకు 36 ఏండ్లు నిండాయి. రాజు కానివాడి ఆజ్ఞకు లోబడడం జట్టులో కొందరికి రుచించలేదు. ఆయన క్రమశిక్షణ కఠినంగా ఉండడం వారి అసంతృప్తిని పెంచింది. ఆ అసంతృప్తి టెస్టు ముందు రాత్రి వరకు రగిలి, మహారాజు మందలింపుతో చల్లారింది. ఇంటిలో ఇంత గాలి రేగుతున్నా నాయకుడు మరునాడు పదిమందిని వెంటబెట్టుకొని స్థిరంగా మైదానంలోకి నడిచారు.

అంతకు పది రోజుల ముందే హోమ్స్, సట్‌క్లిఫ్ అనే ఆంగ్ల జంట ఒక కౌంటీ పోటీలో మొదటి వికెట్టుకు 555 పరుగులు చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ జంటే లార్డ్సులో మొదట బ్యాటు పట్టింది. మహమ్మద్ నిస్సార్ వారిద్దరినీ బౌల్డు చేశాడు. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. ఆ అరగంట భారతీయులకు మరపురాని అరగంట. తరువాత జార్డిన్ నిలదొక్కుకొని ఆడి తన జట్టును గట్టెక్కించాడు. ఫీల్డింగు చేస్తూ నాయుడుగారు చేతికి గాయం చేసుకొన్నారు. ఆ గాయపు చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్సులో భారత జట్టు చేసిన 189 పరుగులలో అదే అత్యధిక స్కోరు. భారతదేశం ఆ టెస్టులో 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. కాని ఓడిన జట్టును ఎవరూ చిన్నచూపు చూడలేదు.

ఆ పర్యటనలో నాయుడుగారు ఫస్టుక్లాసు పోటీలలో 1618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. ఆ వేసవిలో ఆయన కొట్టిన సిక్సర్లు 32. బర్మింగుహాములో కొట్టిన ఒక సిక్సరు అప్పట్లో రెండు కౌంటీలకు సరిహద్దుగా ఉన్న రీ అనే చిన్న నదిని దాటి ఆవలి కౌంటీలో పడ్డదని నేటికీ చెప్పుకొంటారు. మరుసటి యేడు విజ్డన్ వార్షిక గ్రంథం ఆ ఋతువు ఉత్తమ ఆటగాళ్లు ఐదుగురిలో ఆయనను ఒకరుగా ఎన్నుకొన్నది.

1933-34లో జార్డిన్ నాయకత్వాన ఇంగ్లండు జట్టు భారతదేశానికి వచ్చింది. ఈ గడ్డమీద జరిగిన తొలి టెస్టు బొంబాయి జింఖానా మైదానంలోనే ప్రారంభమైనది. రెండవ ఇన్నింగ్సులో లాలా అమరనాథ్ 118 పరుగులు చేసి, భారతదేశానికి తొలి టెస్టు సెంచరీ సంపాదించాడు. అతనికి ఒక కొస తోడుగా నిలిచినవారు నాయకుడు నాయుడుగారు, చేసినవి 67. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. ఉత్సాహంతో ఉరకలు వేసే యువకుని ఎదుట, వయసు మీరిన నాయకుడు నిబ్బరానికి ప్రతిరూపంగా నిలిచిన దృశ్యం అది.

తరువాత వచ్చినది కఠిన పరీక్ష. 1936 ఇంగ్లండు పర్యటనకు నాయకత్వం నాయుడుగారికి దక్కలేదు. విజయనగర రాజవంశానికి చెందిన మహారాజ్ కుమార్, విజ్జీగా ప్రసిద్ధుడు, నాయకుడుగా నియమితుడైనాడు. ఆటలో ఆయన నాయుడుగారికి సాటి కాడన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇద్దరూ తెలుగు మూలాలవారే. ఐనా వారి మధ్య సఖ్యం కుదరలేదు. జట్టు వర్గాలుగా చీలింది. లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేర నడిమధ్యలో ఇంటికి పంపివేశారు. నాలుగేండ్ల క్రితం అదే దేశంలో జట్టును నడిపిన మనిషి ఇప్పుడు మరొకరి ఆజ్ఞకింద సామాన్య సభ్యుడుగా నిలువవలసి వచ్చింది. తల తిప్పేవి ఆశ, భయం మాత్రమే కావు. అవమానం కూడ తిప్పుతుంది. కోపంతో ఆడేవాడు బంతిని చూడడు, తనకు అన్యాయం చేసినవారిని చూస్తాడు.

నాయుడుగారు మూడు టెస్టులూ ఆడారు. ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగిన మూడవ టెస్టు ఆయనకు చివరిది. ఇంగ్లండు నాయకుడు గబ్బీ ఆలెన్ విసిరిన వేగపు బంతి ఆయన శరీరానికి బలంగా తగిలింది. నలభై యేండ్ల మనిషి ఆ నొప్పిని దిగమింగి మరల తన చోట నిలబడ్డారు. 81 పరుగులు చేసిన పిమ్మటనే అవుటైనారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు ఆ చివరి ఇన్నింగ్సుదే. ఏడు టెస్టులలో 350 పరుగులు, సగటు 25. ఈ అంకెలు చూచి ఆయనను తూచరాదు. తొలి టెస్టు ఆడేనాటికే సాధారణ క్రీడాకారుడు విశ్రాంతిని తలపెట్టే వయస్సు ఆయనది. దేశానికి టెస్టు హోదా ఆలస్యంగా వచ్చింది. అది ఆయన లోపం కాదు.

టెస్టుల తలుపు మూసుకొన్నా ఆయన బ్యాటు మూల పెట్టలేదు. హోల్కారు జట్టును సిద్ధం చేసి రంజీ పోటీలలో దేశంలోనే మేటి జట్టుగా నిలిపారు. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్ మొదలైనవారు ఆ జట్టులో వెలిగారు. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో హోల్కారు రంజీ విజేత అయినది. 1945-46లో బరోడా జట్టుమీద ఆయన స్వయంగా 200 పరుగులు చేశారు. అప్పటికి వయస్సు యాభై దాటింది. ఫస్టుక్లాసు జీవితం మొత్తంలో ఆయన అత్యధిక స్కోరు అదే. కండలు సడలే వయసులో కన్నూ తలా సడలకపోతే మనిషి ఏమి చేయగలడన్నదానికి అది నిదర్శనం.

1951-52 రంజీ తుది పోటీ. హోల్కారుకు ఎదుట బొంబాయి. నాయుడుగారికి 56 ఏండ్లు. ఆ రోజులలో తలకు రక్షణ కవచాలు లేవు. దత్తూ ఫాడ్కర్ విసిరిన బంతి నేలనుంచి లేచి ఆయన నోటిని తాకింది. రెండు పళ్లు ఊడి నేలమీద పడ్డాయి. నాయుడుగారు ఆ పళ్లను పిచ్చిమీదనుంచి పక్కకు తుడిచివేసి, వైద్య సహాయం నిరాకరించి, మరల బ్యాటు పట్టి నిలిచారు. తనను కనికరించి వేగం తగ్గించవద్దని బౌలరుకు చెప్పారని కూడ అంటారు. ఆ ఇన్నింగ్సులో ఆయన చేసినవి 66 పరుగులు.

ఇందులోని సాహసాన్ని పొగిడి ఊరుకొంటే దానిలోని పాఠం చేజారిపోతుంది. దెబ్బ తిన్న శరీరం రెండవసారి ఆ దెబ్బకు ఎదురు నిలువడానికి ఒప్పుకొనదు. మనస్సు చెప్పినా మెడ వినదు. తరువాతి బంతికి తల తనంతతానే దారి తప్పుకొంటుంది. తల తప్పుకొన్ననాడు బంతి దూరమూ ఎత్తూ కంటికి సరిగా అందవు. కనుక భయపడి తప్పుకొన్నవాడికే మరల దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. ఆ తరువాతి బంతికి నాయుడుగారు తల ఉంచిన చోటనే ఉంచారు. అరువది ఆరు పరుగులూ ఆ నిశ్చయంనుంచే వచ్చాయి. రక్తం కారే నోటితో, యాభై ఆరేండ్ల వయస్సులో, కొడుకుల యీడువారు విసిరే బంతుల ఎదుట ఇట్లు నిలువడం ఒక్క రోజున నేర్చుకొనేది కాదు. 1916లో తొలి మూడు బంతులను ఓపికతో చూచిన అలవాటే ముప్పై ఆరేండ్ల తరువాత ఆయనను నిలబెట్టింది.

1953వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ 1953-54 రంజీ పోటీలలోనే ఆంధ్ర జట్టు మొదటిసారి పాల్గొన్నది. కొత్త రాష్ట్రం, కొత్త జట్టు. అనుభవం లేని కుర్రవాళ్లు. వారికి నాయకుడుగా వచ్చినవారు 58 ఏండ్ల నాయుడుగారు. తాతగారు వదలి వెళ్లిన బందరు సీమ పేరుమీద ఏర్పడిన జట్టుకు మనుమడు తొలి నాయకుడు కావడం తెలుగువారికి గర్వకారణం. దేశానికి తొలి టెస్టు నాయకుడైన మనిషి, గెలుపు ఆశ అంతగా లేని జట్టుకు నాయకత్వం వహించడం తన హోదాకు తక్కువ అనుకొనలేదు.

1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ బిరుదు ప్రదానం చేసింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టు పక్షాన ఆయన రంజీ పోటీలలో చివరిసారి ఆడారు. వయస్సు 61. ఆ యేడే రాజస్థాన్ జట్టుమీద 84 పరుగులు చేస్తూ, ప్రపంచ ప్రసిద్ధుడైన వినూ మన్కడ్ బంతులను రెండుమార్లు సిక్సర్లు కొట్టారు. చివరి పోటీలో 52 పరుగులు చేశారు. 1963-64లో ధర్మార్థం జరిగిన ఒక ఆటలో, 68 ఏండ్ల వయస్సులో, మరొకసారి బ్యాటు పట్టారు. జాతీయ జట్టు ఎంపిక సంఘానికి అధ్యక్షులుగా కూడ పనిచేశారు. 1967వ సంవత్సరం నవంబరు 14వ తేదీన ఇందూరులో పరమపదించారు.

భారత క్రికెట్టు మండలి మాజీ క్రీడాకారులకు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారానికి 1994లో ఆయన పేరు పెట్టింది. మొదటి పురస్కారం అందుకొన్నవాడు, 1933లో ఆయనతో కలిసి 186 పరుగులు జోడించిన లాలా అమరనాథ్. 1996లో తపాలా శాఖ ఆయన స్మృతికి బిళ్ల వెలువరించింది. యువ క్రీడాకారుల జాతీయ పోటీ ఒకటి ఆయన పేరుతోనే జరుగుతున్నది.

ఐతే మహనీయుని పేరు బిళ్లలమీదా బహుమతులమీదా నిలిచినంత మాత్రాన చాలదు. ఆయన విద్య పిల్లల చేతికి రావలె. పాఠశాలలో ఆటలు నేర్పే ఉపాధ్యాయుడు బ్యాటు ఏ విధంగా పట్టవలెనో, కాలు ఎక్కడ వేయవలెనో చెప్పే ముందు ఒక్క మాట చెప్పవచ్చును: బంతి తగిలేవరకు తల ఎత్తకు, బంతి లేచిందని తల తిప్పకు. మెత్తని బంతిని మెల్లగా విసిరి, అది బ్యాటును తాకిన చోటును కంటితో చూడమని అడగవచ్చును. దెబ్బ ఎంత దూరం పోయిందని కాక, తగిలిన క్షణాన తల ఎక్కడ ఉన్నదని ప్రశ్నించవచ్చును. ఇందుకు డబ్బు అక్కరలేదు, పెద్ద మైదానమూ అక్కరలేదు. ఓపిక గల గురువూ, వినే శిష్యుడూ ఉంటే చాలును.

నిండుకుండ తొణకదన్నది మన పెద్దల మాట. నెత్తిమీద నీళ్లకుండతో నడిచే ఇల్లాలికి ఆ విద్య ఎవరూ నేర్పలేదు. తల కదిలితే నీరు ఒలుకుతుందన్న ఎరుకే ఆమెకు గురువు. పంపా ఒడ్డున కొబ్బరిమట్ట పట్టిన కుర్రవాడికి కావలసినదీ ఆ ఎరుకే. దెబ్బ సరిగా పడితే బంతి పోవలసిన చోటికే పోతుంది. దానిని చూడడానికి తరువాత కావలసినంత సమయం ఉంటుంది.